వంటింటికి తాళం వేసిన వదిన

మా మరిది మునికుమార్ ర్యాపర్‌గా ఉన్న నాలుగేళ్లలో మా ఇంట్లో రెండు బొంతలు, ఒక పరుపు పాడయ్యాయి. బయటి శబ్దాలు రికార్డింగులో పడకూడదని వాటికి మేకులు కొట్టి గోడలకు వేలాడదీశాడు. మదనపల్లెలో మా వీధి అలాంటిది, టమోటా లారీలు ఒకవైపు, నీళ్ల ట్యాంకర్లు ఒకవైపు. అతను గదిలోంచి “రెడీ” అంటే నేను మిక్సీ ఆపాలి, మా ఆయన శివకుమార్ కుళాయి కట్టెయ్యాలి, మా అత్త మారెమ్మ దగ్గు ఆపుకోవాలి. ఒక పాటలో మాత్రం కుక్కర్ విజిల్ పడిపోయింది. విన్నవాళ్లు ఆ విజిలే బాగుందని రాశారు.

అతని స్టేజీ పేరు కంకర. మా మామగారు బతికున్నన్నాళ్లూ కురబలకోట దగ్గర కంకర కొట్టిన మనిషి. కొడుకు ఆ పేరు పెట్టుకున్నందుకు మా అత్త సంతోషపడలేదు. “ఆయప్ప కంకర కొట్టింది నువ్వు ఆ పేరు మరిచిపోవాలని కదరా” అంది.

అతని వెనక ఏ కంపెనీ లేదు. రాసేది తనే, పాడేది తనే, వీడియో కత్తిరించేది తనే, కింద మొదటి కామెంటు పెట్టేదీ తనే. రెండో కామెంటు నాది. చేసిన ఏడు పాటల్లో కాస్త నడిచింది పుంగనూరు ఆవు మీద కట్టిన పాట. ‘ఎత్తు తక్కువ, పొగరు ఎక్కువ’ అని అందులో ఒక ముక్క ఉంది. మా మరిది ఎత్తు తెలిసినవాళ్లు అది ఆవు గురించేనా అని అడిగేవాళ్లు.

ఆ పాట విని పుంగనూరులో ఒక కాలేజీ వార్షికోత్సవానికి పిలిచారు. రెండో పాట మధ్యలో సంగీతం ఆగిపోయింది. పెన్‌డ్రైవ్ చెడిపోయిందట. దాన్ని బాగుచేసేలోపు ఊరికే నిలబడలేక మైకు పట్టుకుని మాట్లాడాడు. బీటెక్‌లో తొమ్మిది సబ్జెక్టులు ఎలా పోయాయో, ఏడుస్తూ వాటిని మళ్లీ ఎలా రాశాడో చెప్పాడు. పాటకు ముందు వరుస చప్పట్లు కొడితే మాటలకు హాలంతా కొట్టింది.

ఇంటికొచ్చి చొక్కా కూడా మార్చకుండా నా ఎదురుగా కూర్చున్నాడు.

“నాలుగేండ్లు పాడితే ఎవురూ వినలేదు వదినా. పది నిమిషాలు ఏడిస్తే విన్నారు.”

“అయితే ఏడ్వప్పా. గొంతుకు కూడా మంచిది.”

కంకర అక్కడితో సరి. గోడల మీది బొంతలు దిగాయి, ఒక నల్ల కోటు వచ్చింది. స్కూళ్లు, కాలేజీలు, అప్పుడప్పుడూ ఇన్సూరెన్సువాళ్ల మీటింగులు, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్లి స్ఫూర్తి మాటలు చెప్పేవాడు. పాంప్లెట్ల మీద ‘మీలోని నిప్పును మీరే రగిలించండి’ అని వేయించుకున్నాడు. మా అత్త అది చూసి గ్యాస్ లైటర్ అమ్ముతున్నాడని అనుకుంది.

కానీ ఆ వృత్తిలో ఒక చిక్కు ఉంది. మాట్లాడే ప్రతివాడికీ వెనక ఒక ఆకలి కథ ఉండాలట. ఒకాయన బస్టాండులో పడుకున్నాడు, ఒకాయన వీధి దీపం కింద చదివాడు. మావాడికి ఏమీ లేదు. మూడు పూటలా తిన్నాడు, మిగిలితే నాలుగో పూట కూడా తిన్నాడు. తొమ్మిది సబ్జెక్టుల కథ పది నిమిషాల్లో అయిపోతుంది, వాళ్లు పిలిచేది ముప్పావుగంటకు.

“నన్ను ఎవురన్నా కష్టపెట్టుంటే బాగుండేది” అన్నాడు ఒకరోజు, నేను వేసిన దోసె మడిచి నోట్లో పెట్టుకుంటూ.

“నేనుండానుగా. నా పేరు చెప్పుకో” అన్నాను.

నవ్వులాటకే అన్నాను. అతను నోట్‌బుక్కు తెచ్చాడు. నేను బీఏలో తెలుగు చదివాను. పెళ్లయిన పన్నెండేళ్లకు ఆ చదువుకు పని దొరికింది. ఉప్పు లేని చద్ది సంగటి రాసిచ్చాను. మైకును కాలవలో పడేసిన వదినను రాసిచ్చాను. అన్నిటికంటే బాగా కుదిరింది తాళం. ‘మా వదిన వంటింటికి తాళం వేసి, తాళంచెవుల గుత్తి నడుముకు కట్టుకునేది. ఆకలితో నేను పడుకుని ఉంటే ఆమె నడిచినప్పుడల్లా అది గలగలమనేది. నా జీవితంలో నేను విన్న మొదటి బీట్ అదే.’

ఆ ముక్క దగ్గర ప్రతి ఊళ్లోనూ ఆడపిల్లలు కళ్లు తుడుచుకునేవాళ్లట. అతను వచ్చి చెబితే నాకు గర్వంగా ఉండేది.

ఆ మాటల వీడియో మా వీధికి కూడా వచ్చింది. ఎదురింటి నారాయణమ్మ ఫోను పట్టుకుని గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడింది.

“ఏమ్మా వాణీ, ఇది నువ్వేనా?”

“ఇంకో వదిన లేదు కదక్కా వాడికి.”

“చూస్తే అట్ట లేవే.”

“చూస్తే తెలిసేట్టు చేస్తామా?”

ఆ తర్వాత నా జీవితం కొంత సుఖంగా సాగిందని ఒప్పుకోవాలి. పూలాయన మూర వేసేటప్పుడు చెయ్యి బాగా చాచేవాడు. వీధి కుళాయి దగ్గర నా బిందెకు దారి వదిలేవాళ్లు. చెడ్డపేరు ఇంత పనికొస్తుందని నాకు ఎవరూ ముందు చెప్పలేదు.

ఇలా ఉండగా కుప్పంలో ఒక డిగ్రీ కాలేజీవాళ్లు పిలిచారు. అక్కడ కంప్యూటర్లు చెప్పే సింధూజ ఆ మీటింగు చూసుకుంది. ఆరోజు ఆమెను తీసుకెళ్లడానికి వచ్చిన తండ్రి గంగాధరం వెనక కుర్చీలో కూర్చుని మొత్తం విన్నాడు. మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉన్న రైతు. తాళంచెవుల దగ్గర ఆయన కూడా తువ్వాలు తీశాడట. మీటింగు అయిపోయినా సింధూజ ఫోన్లు ఆగలేదు. మా మరిది ఫోను పట్టుకుని మిద్దె ఎక్కడం ఎక్కువైంది. కులం కలిసింది, జాతకాలు కలిశాయి. పిల్ల ఇష్టమంది. మావాడి సంగతి అడగక్కర్లేదు.

ఆ తర్వాత వాళ్లు ఇల్లు చూడటానికి వచ్చారు. మా వైపు పిల్ల తరఫువాళ్లు సంబంధం ఖాయమయ్యేదాకా అన్నం తినరు. కాఫీ మాత్రం తాగుతారు. తాగితే సగం ఒప్పుకున్నట్టు, గ్లాసు ముట్టకపోతే వద్దన్నట్టు. నేనే కాఫీ తీసుకెళ్లాను. గంగాధరం నన్ను చూసి, గ్లాసును చూసి, మునికుమార్‌ను జాలిగా చూశాడు.

“ఇప్పుడే తాగొచ్చినాం” అన్నాడు. కుప్పం నుంచి మూడు గంటల ప్రయాణం.

ఆయన భార్య మునెమ్మ మంచినీళ్లకని లేచి వంటింటి వైపు నడిచింది. వెనకే నేనూ వెళ్లాను. ఆమె గడపను, గోడను పైకీ కిందికీ చూసింది. మా వంటింటికి తలుపే లేదు, ఒక పూల కర్టెన్ ఉంది. ఆ కర్టెన్ చూశాకైనా ఆమె మనసు కుదుటపడుతుందని అనుకున్నాను.

ఆమె ముందు గదిలోకి వెళ్లి మొగుడి చెవిలో చెప్పింది. చెవిలోనే అయినా అందరికీ వినబడింది.

“మనం వస్తాండామని తలుపు పీకేసుండారు.”

మర్నాడు గంగాధరం మా ఆయనకు ఫోను చేశాడు. “పిల్లోడు బంగారం అప్పా. మీరూ మంచోళ్లే. ఆ యమ్మ ఉండే ఇంట్లోకి మాత్రం మా పిల్లను పంపలేను.”

మా ఆయన ఆ మాట నాకు చెప్పేటప్పుడు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. మా అత్త మాత్రం నవ్వలేదు.

“ముప్పైరెండేండ్లకు ఒక పిల్ల ఒప్పుకునింది. ఇద్దరూ కలిసి పోగొట్టినారు” అని చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. అప్పుడు నాకు సిగ్గేసింది.

“నేను పోయి అదంతా కథని చెప్పేస్తా” అన్నాడు మునికుమార్.

“చెప్పు” అన్నాడు మా ఆయన. “అప్పుడు వదిన మంచిదైతాది. నువ్వు నాలుగు వందల మంది పిల్లకాయల ముందర అబద్ధమాడినోడివైతావు. ఆయప్ప యా మొగుడికి ఇస్తాడు పిల్లను?”

మూడు రోజులు మా మరిది అన్నం సరిగ్గా తినలేదు. చివరికి నిజంగానే ఆకలి కథ దొరుకుతుందేమో అనుకున్నాను గానీ పైకి అనలేదు.

నాలుగో రోజు సింధూజ ఫోను చేసింది. అతను భయపడి, నన్ను కూడా వినమని స్పీకర్ పెట్టాడు.

“నేనెప్పుడు ఫోన్ చేసినా నీ వెనకాల ఒక గొంతు ‘గుడ్డు ఒకటా రెండా మునీ’ అని అడగతా ఉంటాది” అంది. “వంటింటికి తాళమేసే ఆమె అట్ట అడగతాదా? నాకు మొదటి నుంచీ తెలుసు.”

“మరి మీ నాయనకు చెప్పొచ్చు కదా” అన్నాడు ప్రాణం లేచొచ్చినట్టు.

“నేను యాల చెప్పాల? నువ్వే చెప్పు. యాడ చెప్పినావో ఆడే చెప్పాల. వచ్చే నెల మా కాలేజీలో నీకు ఇంకో మీటింగుండాది కదా, దానికి మా నాయనను తోడుకొని వస్తా. ఆరోజు కూడా తాళంచెవులు గలగలమంటే ఇంక నాకు ఫోన్ చేయబాక.”

ఆ నెలంతా అతను నోట్‌బుక్కు పట్టుకుని నా వెనక తిరిగాడు. నిజం చెప్పేస్తే పుంగనూరువాళ్లు, పలమనేరువాళ్లు ఇక పిలవరు. చెప్పకపోతే పిల్ల పోతుంది.

“ఆ నిజమేదో నువ్వే రాసియ్యి వదినా. నువ్వు రాస్తే బాగుంటాది.”

“నేను రాస్తే బాగుంటాది కాబట్టే రాయను. ఇది నీదప్పా.”

కుప్పం బస్సులో అతను కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, వేసుకోలేదు. పక్కన నేను. నన్ను ఎందుకు తీసుకెళ్తున్నాడో అతనికీ తెలియదు. హాల్లో మూడో వరుసలో గంగాధరం, మునెమ్మ ఉన్నారు. నన్ను చూసి మునెమ్మ చేతిసంచీ ఇటు నుంచి అటు మార్చుకుంది. సింధూజ గోడ పక్కన నిలబడింది. నీలం చీర, చేతిలో హాజరు పట్టీ. అతని వైపు చూడనే లేదు.

మావాడు మైకు తీసుకున్నాడు. అలవాటు ప్రకారం “ఆకలంటే ఏమిటో మీకు తెలుసా?” అని మొదలుపెట్టాడు. అతను ఆగాడు. నీళ్లు తాగాడు. మళ్లీ తాగాడు.

“నాకు తెలీదు” అన్నాడు.

పిల్లలు చూస్తూ ఉన్నారు.

“పోయిన తూరి ఈడ చెప్పింది అబద్ధం. మా వదిన తాళం వేయలేదు. మా వంటింటికి తలుపే లేదు. మైకు కాలవలో పడేయలేదు, అది ఇంకా ఇంట్లోనే ఉండాది. నాకు మా ఇంట్లో ఏ కష్టమూ లేదు. ఉన్నట్టు చెప్తే మీరు వింటారని చెప్పినాను.”

ముప్పావుగంటలో ఇంకా నలభై మూడు నిమిషాలు మిగిలి ఉంది. అతను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మైకు అటూ ఇటూ మార్చుకుంటున్నాడు. రెండో వరుసలో ఒక పిల్ల లేచింది.

“అన్నా, కష్టమే లేకపోతే పాటల్లో యాల పైకి రాలేదు?”

అతను నిజంగా ఆలోచించాడు. నేను ఎరిగిన ఇన్నేళ్లలో అతను అంతసేపు ఆలోచించడం చూడలేదు.

“పాటలు అంత బాగలేవు పాపా” అన్నాడు.

ముందు ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది, అతనూ నవ్వాడు. గోడ దగ్గర సింధూజ హాజరు పట్టీతో ముఖం సగం కప్పుకుంది. ఆ తర్వాత పిల్లలు అడుగుతూనే ఉన్నారు. బాగలేవని ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఏం చేశావు, ఇంట్లో ఏమన్నారు. అతను తెలిసినవాటికి చెప్పాడు, తెలియనివాటికి తెలియదన్నాడు.

బయట వరండాలో గంగాధరం నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

“ఆ తాళంచెవుల మాట ఎవురిది? పిల్లోడు కట్టే మాట మాదిరి లేదే అది.”

అబద్ధమాడే రోజు కాదది. “నాదేనప్పా” అన్నాను.

“నీ మీద నువ్వే రాసుకున్నావా?”

“ఇంకెవురి మీదన్నా రాస్తే కొట్టేందుకు వస్తారు కదా.”

ఆయన మునెమ్మ వైపు చూశాడు. ఆమె నన్ను పై నుంచి కింద దాకా కొత్తగా చూసింది.

“రేపు మా పిల్ల మీద ఏమన్నా రాస్తావామ్మా?”

“రాయనని చెప్పలేను. అడిగి రాస్తాను.”

గంగాధరం మీసం దువ్వుకున్నాడు. “పిల్లోడు తనది అబద్ధమని ఆడే నిలబడి ఒప్పుకున్నాడు. నువ్వు ఈడ ఒప్పుకున్నావు. మా ఇండ్లల్లో ఇట్ట ఒప్పుకునేవాళ్లు లేరు” అన్నాడు. “మీ ఆయనను, మీ అత్తను తోడుకొని ఆదివారం రండి. పురుగులు గూడు కట్టే టైము, నేను ఆడికి రాలేను.”

తిరుగు బస్సులో మునికుమార్ పలమనేరు దాకా తనలో తనే నవ్వుకున్నాడు. పుంగనూరు దగ్గర పడుతుండగా ముఖం మారింది.

“వదినా, వచ్చే వారం ఈడ మీటింగుండాది. ఏం చెప్పేది?”

“పాటలు బాగలేవన్నావే, అది చెప్పు. బాగుండాది.”

“అది ముప్పావుగంట రాదే.”

“అయితే ముప్పావుగంట మాట్లాడబాక” అన్నాను.