మామిడి కొత్త కాకముందు

నాకు ముందు ఈ కొండమీద సంఘాన్ని నడిపిన ఎస్తేరమ్మగారు మందిరం మెట్లమీద కూర్చుని మామిడికాయలు చీరకొంగుతో తుడిచి, తొడిమ కిందికి వచ్చేలా ఒక్కొక్కటే వరసగా పేరుస్తున్నారు, ఆవిడ చనిపోయారని నాకు తెలుసు, పెట్టె మూసేముందు ఆ చేతులు పట్టుకుని ఏడ్చినదాన్ని నేనే, అయినా అది ఇప్పుడు అడగవలసిన సంగతిగా తోచక, పక్కన చేరి నేనూ ఒక కాయ అందుకుంటాను.

"తొడిమ కిందికి పెట్టు పిల్లా, సొన కారిపోద్ది. చేతికి అంటిందంటే పొక్కుద్ది," అంటారు, బతికున్నప్పటి విసుగుతోనే.

మెట్ల కింద మా కొండవాగు ఉండాలి, కానీ నరసాపురం దగ్గరి గోదావరి ఉంది, దానిమీద పంటు పడవ ఒకటి నెమ్మదిగా దాటుతోంది, పంటులో మా సంఘమంతా కూర్చుని ఉంది, ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కో కాయ, ఎవరూ కొరకడం లేదు, అందరూ నావైపే చూస్తున్నారు.

"వాళ్లకి నేనేం చెప్పనమ్మగారూ?" అని అడుగుతాను. ఈ కొండమీద ఊరిపెద్ద గుమ్మన్న తొలికాయ కొండదేవతకి పెట్టి, ఊరంతా కలిసి తినేదాకా ఎవరూ మామిడి ముట్టరు, ఆ రోజుని కొత్త అంటారు, ఆ సంగతి ఆవిడకి కొత్తగా చెప్పక్కర్లేదు కానీ చెప్తూనే ఉంటాను. పల్లం నుంచి వచ్చిన మిషన్ పెద్దాయన, ఈ ఏడు మనవాళ్లు కొత్తకి ముందే అందరూ చూస్తుండగా తినాలి, అదే సాక్ష్యం అన్నారని, తెల్లారితే ఆదివారమని, ఆరాధనలో ఆ మాట నా నోటితోనే చెప్పాలని, చెప్తే ఊరు మాకు తలుపులు మూస్తుందని, గుమ్మన్న కోడలు చిలకమ్మ, ఇప్పుడిప్పుడే వెనక గుమ్మం దగ్గర చంటిదాన్ని వేసుకుని కూర్చుని పాటలు వింటున్నది, మళ్లీ రాదని చెప్తాను. చెప్తుంటే నాకే ఏడుపొస్తుంది.

ఆవిడ నవ్వుతారు, ఆ నవ్వులో మెట్లు వంటిల్లయిపోతాయి, మధ్యలో పెద్ద జాడీ, ఆవపిండి ఘాటుకి నా కళ్లు మండుతున్నాయి.

"నేనొచ్చిన మొదటి ఏడు ఏం చేశానో నీకెప్పుడూ చెప్పలేదు కదూ. చెట్లనిండా కాయలు, కోసేవాడు లేడు. నేనేమో గోదావరిదాన్ని, ఊరుకుంటానా? జాడీడు ఆవకాయ పెట్టేశాను. వాసన కొండంతా కొట్టింది. సాయంత్రానికి గుమ్మన్న వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు."

"తిట్టాడా?"

"తిట్టినా బాగుండేది. 'అమ్మా, మేం ఇంకా తిన్లేదు' అన్నాడు. అంతే. వెళ్లిపోయాడు. రాత్రంతా సిగ్గుతో చచ్చిపోయాననుకో."

జాడీ మూతికి గుడ్డ బిగించి వాసెన కడుతూ ఆవిడ మిగతాది చెప్తారు. పొద్దున్నే ఆ జాడీ మోసుకెళ్లి గుమ్మన్న అరుగుమీద పెట్టారట, ఇది నీదగ్గరే ఉంచు, కొత్త రోజున నువ్వే విప్పు అన్నారట.

"విప్పాడా?"

"విప్పాడు. ఒక ముక్క తిని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మారుమనసు అనుకునేవు, కారానికి!"

ఇద్దరం పడీపడీ నవ్వుతాం, వంటింటి గోడలు పంటు అంచులై మెల్లగా ఊగుతాయి.

"మరి కొత్త రోజున వాళ్లతో కలిసి తింటే, ఆ దేవతకి పెట్టినది తిన్నట్టు కాదా అమ్మగారూ?"

"మొక్కుకోడి కూర వద్దనేదాన్ని. ఎందుకు వద్దో చెప్పేదాన్ని కూడాను. ఆయన నొచ్చుకోలేదు, నాకు విడిగా కందులు ఉడకబెట్టించేవాడు. ఆయన దణ్ణం పెట్టేది ఎవరికో నాకు తెలుసు, నేను పెట్టేది ఎవరికో ఆయనకి తెలుసు. నాలుగు రోజులు ఆగితే నా ప్రభువు ఏం చిన్నబోతాడే?"

అంతలో ఆవిడ మొహం దిగులు పడుతుంది, చేతిలో కాయ అలాగే ఉండిపోతుంది. "ఒక్కటే మిగిలిపోయింది. నేను మంచం పట్టినప్పుడు గుమ్మన్న వచ్చి అడిగాడు, 'మీ దేవుడు మా కొండకి నీతో వచ్చాడా, ముందునుంచీ ఉన్నాడా' అని. దగ్గు తెర వచ్చి చెప్పలేకపోయాను. ఆ తర్వాత నోరే పడిపోయింది."

"ఏం చెప్దామనుకున్నారు?"

పంటు ఒడ్డు తాకుతోంది, ఆవిడ లేచి చీర కుచ్చెళ్లు సర్దుకుంటున్నారు, దిగేది ఆవిడో నేనో తెలియడం లేదు. "ముందే ఉన్నాడని చెప్పు. ఆలస్యంగా వచ్చింది నేనేనని చెప్పు." ఆ మాట అంటూ నా అరచేతిలో కాయ పెట్టి వేళ్లు మూస్తారు, చల్లగా, తడిగా ఉంటుంది.

మెలకువ వచ్చేసరికి కిటికీలో తెల్లగా వెలుతురు. ఖాళీ అరచెయ్యి గుండెలమీద ఉంది. బయట చీపురు చప్పుడు వినిపించి తలుపు తీశాను. చిలకమ్మ మందిరం వాకిలి ఊడుస్తోంది, చంటిది వీపున నిద్రపోతోంది. మెట్లమీద మామిడికాయలు వరసగా ఉన్నాయి.

"గాలికి రాలిపోనాయమ్మా. మందిరం చెట్టువి కదా, ఏటి సెయ్యాలో నువ్వే సెప్పాల," అంది. అని నా మొహంలోకి చూసింది, నేనేమంటానోనన్న భయం ఆ కళ్లలో దాచుకోలేకపోయింది.

"కొత్త అయ్యేదాకా అలాగే ఉండనీ చిలకమ్మా. ఆరాధనలోనూ అదే చెప్తాను. మీ మావ ఇంట్లోనే ఉన్నాడా? ముందు ఆయనతో ఒక మాట చెప్పాలి."

"ఉన్నాడమ్మా," అంటూ చీపురు గోడకి ఆనించి, నాకు దారి ఇచ్చింది. మెట్లు దిగుతూ చూశాను. ఒక్క కాయమీదా పంటిగాటు లేదు, అన్నీ తొడిమ కిందికే ఉన్నాయి, రాతిమీద సొన ఇంకా తడిగా ఉంది.