నాలుగు పిన్నులు

కాటా చీటీని రెండుసార్లు చదివాను. క్యాబిన్ వెనకున్న జంట ఇరుసుల మీద ముప్ఫై అయిదు వేల రెండువందల అరవై పౌండ్లు. చట్టం ఒప్పుకునేది ముప్ఫై నాలుగు వేలే. ట్రైలర్ చివరి ఇరుసుల మీద చూస్తే ముప్ఫై ఒకటిన్నర వేలు కూడా లేదు. మొత్తం బరువు సరిగ్గానే ఉంది, పంపకంలోనే తేడా. చాండ్లర్‌లో మంచినీళ్ళ సీసాలు ఎక్కించిన మహానుభావుడు అన్నీ ముందుకే నెట్టి పుణ్యం కట్టుకున్నాడు. నది దాటితే కాలిఫోర్నియా, దాటగానే తనిఖీ.

నాకు లైసెన్సు వచ్చి రెండు నెలలు. ట్రక్కు మా బావగారిది. ఉమామహేశ్వరరావుగారు, మా ఆయన అవినాష్‌కి అన్నగారు, ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ట్రక్కు నడుపుతున్నారు. చిప్ ఫ్యాక్టరీలో నా ఉద్యోగం ఊడినప్పుడు అందరూ అయ్యో అన్నవాళ్ళే. వచ్చి పని నేర్చుకోమన్నది ఆయనొక్కరే. ఈ ట్రిప్పు సవ్యంగా జరిగితే సోమవారం నుంచి తన రెండో ట్రక్కు నాకు అప్పగిస్తానన్నారు. అరిజోనాలో నేను, నది దాకా వచ్చాక ఆయన నడపాలని ఒప్పందం.

"కంగారెందుకమ్మా? టాండెమ్స్ ముందుకి స్లైడ్ చేస్తే సరిపోద్ది. హోల్‌కి మూడొందల పౌండ్లు లెక్కేసుకో. ఐదు హోల్స్," అన్నారు బావగారు.

ట్రైలర్ అడుగున రెండువైపులా పట్టాలకి వరసగా రంధ్రాలుంటాయి. ఆ రంధ్రాల్లో దూరే నాలుగు ఇనప పిన్నులే టాండెమ్స్ అనే వెనక చక్రాల చట్రాన్ని పట్టి ఉంచుతాయి. పిన్నులు లాగేసి, ట్రైలర్ బ్రేకులు బిగించి, ట్రక్కును వెనక్కి నడిపితే చక్రాలు ఉన్నచోటే ఉంటాయి, పైనున్న పెట్టె వెనక్కి జరుగుతుంది. చక్రాలు ముందుకు వచ్చినట్టే లెక్క. ఈ తిరకాసు నా బుర్రకెక్కడానికి వారం పట్టింది. పిన్నులు మళ్ళీ పడకపోతే ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఒక్క గట్టి బ్రేకు వేస్తే చాలు, అంత బరువూ చక్రాల మీద నుంచి జారిపోతుంది. పక్క లేన్‌లో ఎవరుంటే వాళ్ళు మిగలరు.

బావగారు వెనక నిలబడి ఫోన్‌లో చెబుతుంటే అంగుళం అంగుళం వెనక్కి నడిపాను. ఠక్కున చప్పుడైంది. "పడ్డాయి. ఆపేయ్," అన్నారు. వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఒకసారి దిగి చూసొస్తాను బావగారూ."

"నేను చూశాను కదా. మళ్ళీ స్కేల్ కూడా అక్కర్లేదు, ఆ క్యూకి గంట పోద్ది. పద."

"అది కాదు, పిన్స్ డ్రైవర్ చెక్ చేయాలని స్కూల్లో..."

"ఇరవై ఏళ్ళమ్మా. నా మాట మీద నమ్మకం లేదా?"

మా అత్తింట్లో పెద్దవాళ్ళు చూశామన్నదాన్ని మళ్ళీ చూడటం తిట్టినదానికంటే ఎక్కువ. పెద్దల మాట చద్దన్నం మూట అంటారు. ఆ మూట విప్పి వాసన చూసే ధైర్యం పదిహేనేళ్ళ కాపురంలో నాకు ఎప్పుడూ రాలేదు. గేరు వేశాను.

హైవే ఎక్కే దారి దగ్గర స్టాప్ గుర్తు ఉంది. నా పక్కనే ఒక వ్యాన్ ఆగింది. అందులో ఇద్దరు పిల్లలు హారన్ కొట్టమని చేతులు పైకీ కిందకీ ఆడిస్తూ నన్ను బతిమాలుతున్నారు. దారిలో ఆ వ్యాన్ నా పక్కనే ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. బ్రేకులు బిగించేశాను.

"ఏమైంది?"

"దిగుతున్నాను."

"ఇంద్రజా." ఆయన నన్ను 'అమ్మా' లేకుండా పిలవడం అదే మొదటిసారి. వెనక ట్రక్కు హారన్ మోగుతోంది. నేను దిగిపోయాను.

టార్చి వేసి ట్రైలర్ కిందకి వంగాను. ఎడమవైపు ఒక పిన్ను సగం పడింది. రెండోది పడలేదు. అటు తిరిగి కుడివైపు చూశాను. రెండూ పడలేదు. నాలుగింటిలో సగం పిన్ను మీద ఇంత బరువునీ హైవే ఎక్కించబోయాను. ఒళ్ళు మండింది. కేకేసి పిలిచాను.

బావగారు వచ్చి వంగి చూశారు. "పడిందిగా," అన్నారు. టార్చి అక్కడే వేసి ఉంచాను. ఆయన చెయ్యి పెట్టి తడిమారు. చూపుడువేలు ఖాళీ రంధ్రంలోకి రెండో కణుపు దాకా వెళ్ళిపోయింది. అలాగే ఉంచేశారు.

"సౌండ్ విన్నాను," అన్నారు.

"ఎప్పట్నుంచి బావగారూ?"

"చుట్టుపక్కల బానే కనిపిస్తాయి. మధ్యలోనే మసక. ఉగాది నుంచి."

"డాక్టర్‌కి చూపించలేదా?"

"చూపిస్తే లైసెన్స్ ఉండదమ్మా."

జాలేసింది. ఆ జాలి వెనకే భయం వేసింది. ఉగాది వెళ్ళి ఎనిమిది నెలలు.

వెనక హారన్లు మోగుతుండగానే ట్రక్కును అటూ ఇటూ కదిలించి పిన్నులు పడేశాను. నాలుగింటినీ చేత్తో ముట్టుకుని చూశాను. ట్రక్కును కాటా దగ్గరికి తిప్పుకొచ్చి, క్యూలో నిలబడి మళ్ళీ తూయించాను. ముప్ఫై మూడు వేల ఏడువందల అరవై.

చీటీ తీసుకుని క్యాబిన్ ఎక్కేసరికి ఆయన నా తలుపు దగ్గర నిలబడి ఉన్నారు, ఏమీ జరగనట్టే. "దిగమ్మా. నది దగ్గరికొచ్చేశాం, ఇక్కడ్నుంచి నాది కదా."

సోమవారం నాకు ఇస్తానన్న ట్రక్కు ఆయన చేతిలో ఉంది. అది నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

"నేను దిగను బావగారూ."

"ఇది నా ట్రక్కు."

"మీదే. కానీ మీరు నడపరు. ఇవాళే కాదు, డాక్టర్ సరే అనేదాకా నడపరు. మీరు చెప్తారా, ఇంట్లో నన్ను చెప్పమంటారా?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన బానెట్ మీద చెయ్యి ఆనించి, దాన్ని వదలకుండా చుట్టూ తిరిగి అటువైపు తలుపు దగ్గరికి వెళ్ళారు. ఎక్కడానికి మెట్టు కోసం కాలితో రెండుసార్లు వెతుక్కున్నారు. ఇన్నాళ్ళూ అది మోకాళ్ళ నొప్పి అనుకున్నాను.