హైమ గుండెలో తలుపు

నేను ఒక తలుపుని. ఇంటికి కాదు, గుండెకి. రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దగా ఉంటాను. నల్లటి రెండు రెక్కలు, చుట్టూ తెల్లటి గుడ్డ అంచు. రక్తం వస్తే తెరుచుకుంటాను, అది వెనక్కి మళ్లబోతే మూసుకుంటాను. మూసుకున్నప్పుడల్లా టిక్కుమంటాను. నాకు వచ్చిన విద్య ఇంతే. ప్రేమా జాలీ భయమూ గుండెలో ఉంటాయని మనుషులు తెగ చెప్పుకుంటారు. కొన్నేళ్లు అందులోనే కాపురం చేసినదాన్ని, నాకు కనిపించింది రక్తం ఒక్కటే.

బొగ్గు జాతి సరుకుని పెద్ద కొలిమిలో కాల్చి, నున్నగా తీర్చి నన్ను తయారుచేశారు. ముసుగులు కట్టుకున్న ఆడవాళ్లు అద్దాల కింద పెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. పెళ్లికూతుర్ని కూడా అంత పట్టిపట్టి చూడరు. తర్వాత ఒక యంత్రంలో పెట్టి, లెక్కలేనన్నిసార్లు తెరిపించి మూయించారు. నాకు నొప్పి తెలియదు కాబట్టి పేచీ పెట్టలేదు. ఆపైన డబ్బాలో పడి ఊళ్లు దాటి, కాకినాడలో ఒక ఆసుపత్రి బీరువాకి చేరాను.

నన్ను పెట్టించుకున్న పిల్ల పేరు హైమవతి. చిన్నప్పుడు గొంతు నొప్పి, జ్వరం, కీళ్ల వాపులు వచ్చాయట. ఇంట్లోవాళ్లు తైలం రాసి ఊరుకున్నారు. కీళ్ల నొప్పులైతే పోయాయిగానీ, ఆ జబ్బు గుండెలో తలుపుని పట్టుకుని ముడుచుకుపోయేలా చేసింది. కాలేజీకొచ్చేసరికి మేడమెట్లెక్కితే చాలు, ఆయాసం. దేవుడిచ్చిన తలుపుని కోసి తీసేసి, దాని చోట నన్ను పెట్టి కుట్టారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గట్టిగానే చెప్పాడు. "రక్తం పలచబడే మాత్ర బతికున్నన్నాళ్లూ వేసుకోవాలి. అది మానితే ఈ తలుపు మీద రక్తం గడ్డ కడుతుంది. ఆకుకూరలు జాగ్రత్త. ఎక్కువ తింటే మాత్ర పనిచేయదు. నెలనెలా రక్తపరీక్షకి రా. పెళ్లయ్యాక, బిడ్డ కావాలనుకుంటే ముందు మమ్మల్ని అడుగు." హైమ అన్నిటికీ తలూపింది. మనుషులు తల ఊపినంత తేలిగ్గా ఇంకేదీ చేయరు.

పెళ్లిచూపుల్లో నేను పరువు తీశాననే చెప్పాలి. అందరూ కాఫీ తాగుతూ మాటల్లేక కూర్చున్నప్పుడు గదిలో నా టిక్కుటిక్కు తప్ప ఇంకేమీ వినపడలేదు. పెళ్లికొడుకు నూకరాజు ఆమె చేతి వంక చూసి, "వాచీ పెట్టుకోలేదే, మరి ఏటా సప్పుడు?" అన్నాడు. దాచకుండా చెప్పేశారు. తునికి దగ్గర్లో ఉన్న వాళ్లింటికెళ్లి తల్లీకొడుకులు చాలా ఆలోచించుకున్నారట. చివరికి ఆ తల్లి లోవమ్మ, "పిల్ల మంచిది. గుండె దాకా ఎవరు సూడొచ్చారు?" అని తేల్చేసిందట.

తమాషా ఏమిటంటే ఆ ఇల్లు ఆకుకూరల ఇల్లు. తోటకూర, బచ్చలి, మెంతి, గోంగూర మడులు కట్టి పండిస్తారు. తెల్లారగానే లోవమ్మ కట్టలు కట్టి బజారుకి తీసుకెళుతుంది. ఊరందరికీ ఆకు పెట్టే చెయ్యి ఇంటి కోడలికి మాత్రం పెట్టకూడదు. లోవమ్మ ఆ మాట తప్పలేదు. హైమకి వేరే పొయ్యి మీద వంకాయో దొండకాయో వండేది. వండుతూ, "ఏం రాతే నీది" అని నిట్టూర్చేది.

హైమ నెల తప్పింది. ముందు అడగమన్న మాట ఎవరికీ గుర్తులేదు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఈ మాత్ర మొదటి నెలల్లో బిడ్డకి చేటు. ఇది ఆపి ఇంజెక్షన్లు పెడితే తలుపు మీద గడ్డ కట్టే భయం. పైగా నెలలు నిండేకొద్దీ గుండె మీద బరువు. నా మాటగా ఇప్పుడే తీయించేయడం మంచిది" అంది. నూకరాజు వెంటనే, "నాకు ఈవిడుంటే సాలండి" అన్నాడు. లోవమ్మ, "కడుపులో పడ్డదాన్ని తీయించేత్తారేటండి?" అంది. డాక్టరమ్మ హైమ వైపు తిరిగి, "నువ్వేమంటావమ్మా?" అంది.

హైమ పైన తిరుగుతున్న పంకా వంక చూసింది. "మీ ఇష్టం" అంది.

అప్పుడు ఆమె గుండె దడదడలాడుతుందేమో, పని ఎక్కువవుతుందేమో అనుకున్నాను. ఏమీ లేదు. అదే వేగం, అదే లెక్క. ఆ గదిలో మాట్లాడుతున్నది తన సంగతి కానట్టు ఉండిపోయింది. ఇంటికెళ్లి తల్లీకొడుకులు వాదించుకున్నారు, అలిగారు, మాటలు మానేశారు, మళ్లీ వాదించుకున్నారు. ఆ వాదన తెమిలేలోగా తేలిగ్గా తీయించే రోజులు దాటిపోయాయి. అలా ఎవరూ నిర్ణయించకుండానే బిడ్డ ఉండిపోయింది.

మాత్ర అయితే ఆసుపత్రికెళ్లిన రోజే ఆపేశారు. పొద్దునా సాయంత్రం పొట్ట మీద ఇంజెక్షను. నూకరాజు నేర్చుకుని తనే పొడిచేవాడు. ప్రతి పోటుకీ తనే ఉలిక్కిపడేవాడు. హైమ మాత్రం చీర తప్పించి గోడకేసి చూసేది. పొట్టంతా నీలంగా కమిలిపోయింది. "నొప్పుందా?" అంటే "లేదు" అనేది. "తింటావా?" అంటే "సరే". "పడుకుంటావా?" అంటే "సరే". నేను పదార్థాన్ని, నాకు నొప్పి తెలియకపోవడంలో వింత లేదు. మనిషి కూడా అలా అయిపోగలదని నాకు అప్పుడే తెలిసింది.

ఆ రోజుల్లోనే డాక్టరమ్మ ఓ మాట అంది. "మాత్ర లేదు కాబట్టి ఆకుకూరలు తినొచ్చు. రక్తం తక్కువగా ఉంది, తినిపించండి." లోవమ్మ ముఖం చాటంత అయింది. ఇన్నేళ్లుగా దాచుకున్న ముచ్చటంతా ఒక్కసారిగా బయటపడింది. మడిలో లేతాకు ముందు కోడలికి, తర్వాతే బజారుకి. ఓ పూట తోటకూర పులుసు, ఓ పూట మునగాకు వేపుడు, ఇంకో పూట బచ్చలి పప్పు. "కడుపుతో ఉన్న పిల్లకి ఆకు పెట్టకపోతే ఎలాగ? తినమ్మా, ఇంకో ముద్ద" అంటూ నెయ్యేసి కలిపి మరీ పెట్టేది. హైమ తినేది.

నాలుగో నెల వచ్చాక ఇంజెక్షన్లు ఆపి మాత్ర మళ్లీ మొదలుపెట్టారు. ఆ రోజు లోవమ్మ బజారులో ఉంది. నూకరాజు మందుల షాపు వరసలో నిలబడ్డాడు. డాక్టరమ్మ మోతాదు గురించి మాట్లాడింది, ఆకుకూరల ఊసెత్తలేదు. పాత పథ్యమే కదా, వీళ్లకి తెలియదా అనుకుని ఉంటుంది. మాత్ర తిరిగొచ్చింది. పథ్యం తిరిగి రాలేదు.

లోవమ్మకి తెలియదు. ఆమె దృష్టిలో డాక్టరమ్మ తినమంది, అంతే. మాత్ర రంగు చూసి గుర్తుపట్టే మనిషి కాదు. నూకరాజుకి మాత్ర సంగతి తెలుసుగానీ, ఆకు తినమన్నది డాక్టరమ్మే కదా అనుకున్నాడు. నెల పరీక్షకి వెళ్లి ఉంటే అక్కడైనా బయటపడేది. అమావాస్య వెళ్లాక పోదామని ఓసారి, ఈ వానలో కడుపుతో ఉన్న పిల్లని బస్సెక్కించకూడదని ఇంకోసారి, ఇలా ప్రతి నెలా వాయిదా వేశారు. నా రెక్క అంచున సన్నగా జిగురు పట్టడం మొదలైంది. అదేమీ బాధ కాదు నాకు. పూర్తిగా తెరుచుకోలేకపోయాను, పూర్తిగా మూసుకోలేకపోయాను, అంతే. నా టిక్కు మెత్తబడింది.

ఆ మార్పు ముందు లోవమ్మే కనిపెట్టింది. ఓ మధ్యాహ్నం కోడలి పక్కన కూర్చుని గోంగూర కట్టలు కడుతూ చెవి వంచి విని, కొడుకుని కేకేసింది. "ఒరే నూకరాజూ! సూడరా, సప్పుడెంత తగ్గిపోయిందో. ఆకు తిన్నాక గుండె కుదుటపడింది." నూకరాజు కూడా విని మురిసిపోయాడు. ఆ సాయంత్రం ఇంట్లో పాయసం వండారు. నా మీద గడ్డ కడుతున్నందుకు పాయసం వండుకున్న ఇల్లు లోకంలో అదొక్కటే అయ్యుంటుంది.

ఎనిమిదో నెలలో హైమ పడుకోలేకపోయింది. పడుకుంటే ఊపిరాడదు. దిండ్లు ఎత్తుగా వేసుకుని కూర్చునేది. కడుపుతో ఉన్నవాళ్లకి ఆయాసం మామూలేనని అమ్మలక్కలు అన్నారు. పెదవులు నల్లబడ్డాక నూకరాజుకి గుండె జారిపోయింది. ఆటోలో వేసుకుని కాకినాడ పరుగెత్తాడు. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. నా చప్పుడు వినిపించలేదు.

"బిడ్డని తీసి, వెంటనే గుండె తెరిచి తలుపు మార్చాలి. ఇద్దరూ దక్కుతారని మాటివ్వలేను" అన్నాడు. నూకరాజు సంతకం పెట్టాడు. లోవమ్మ దేవుళ్లందరికీ మొక్కుకుంది. హైమ మాత్రం బల్ల మీదికి తనే ఎక్కి పడుకుంది.

ముందు బిడ్డని తీశారు. లోపల ఉన్న నాకు సన్నటి ఏడుపొకటి వినిపించింది, ఎవరో ఎత్తుకుని పరుగెత్తారు. తర్వాత నన్ను కత్తిరించి బయటికి లాగారు. నా చోట జంతువు పొరతో చేసిన మెత్తటి తలుపు కుట్టారు. దానికి చప్పుడుండదు. కొన్ని నెలలు దాటితే మాత్రా అక్కర్లేదు. అరిగిపోయాక మళ్లీ కొయ్యాలి, అది వేరే సంగతి.

ఆ ఆసుపత్రిలో ఒంట్లోంచి తీసిందేదైనా బంధువులకి చూపించడం ఆనవాయితీ. నన్ను సీసాలో వేసి తెచ్చి లోవమ్మ ముందు పెట్టారు. రెండు రెక్కల మధ్య నల్లగా గడ్డ. "ఆకుకూరలు ఎక్కువ తిందా?" అని డాక్టరు అడిగాడు. లోవమ్మ సీసాని తన వైపు లాక్కుంది. "ఇది ల్యాబులో ఇచ్చిరండి" అన్నారు. ఆమె ఇవ్వలేదు. ఇస్తే తన పేరే బయటపడుతుందని భయం. కొంగులో చుట్టి సంచీ అడుగున పెట్టుకుని, అన్నం ముట్టకుండా వరండాలో కూర్చుంది.

హైమ బతికింది. తెలివొచ్చింది, వార్డుకి మార్చారు. బిడ్డ ఆడపిల్ల, పక్క భవనంలో అద్దాల పెట్టెలో ఉందని నర్సు చెప్పింది. హైమ "సరే" అంది. అంతే. నూకరాజు తల తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

లోవమ్మ ఉండబట్టలేక సీసా తీసి చూపించింది. "ఇది నేను సేసిన పనేనమ్మా. మాత్ర మళ్లీ మొదలెట్టారని నాకు తెలీదే. నా సేత్తోనే..." అని కోడలి కాళ్ల మీద పడబోయింది.

"నాకు తెలుసత్తా" అంది హైమ. "తెలిసే తిన్నాను."

లోవమ్మ వంగిన నడుం ఎత్తి ఆమె ముఖంలోకి చూసింది.

"కంచంలో పెట్టారు, తిన్నాను. బతకాలనీ లేదు, పోవాలనీ లేదు. పొట్టలో కదిలినా నాది కాదన్నట్టే ఉండేది. వద్దని చెప్పడానికి కూడా నోరు రాలేదత్తా."

లోవమ్మ తిట్టలేదు. సీసా కిటికీలో పెట్టి, కోడలి తల నిమిరింది. "ఒక్కసారి బిడ్డని సూడు. నా కోసం కాదు, దాన్ని ఇప్పటిదాకా నర్సులు తప్ప ఎవరూ ముట్టుకోలేదు" అంది.

హైమ దుప్పటి తీసేసి, ఛాతీ మీది కట్టు పట్టుకుని కాళ్లు కిందికి దించింది. నర్సు కేకలేసింది. చివరికి చక్రాల కుర్చీ తెచ్చారు. నూకరాజు తోస్తుంటే లోవమ్మ వెనకే పరుగెత్తింది. నన్ను ఎవరూ తలుచుకోలేదు. కాసేపటికి ఊడవడానికొచ్చిన ఆవిడ, "ఇదేటో ఇక్కడ వదిలేశారు" అని గొణుక్కుంటూ నన్ను ఆసుపత్రి చెత్త పోగుచేసే పసుపు సంచిలో పడేసింది.

సంచి ఇంకా గదిలోనే ఉండగా కుర్చీ తిరిగొచ్చింది. హైమ ఏడుస్తోంది. మెల్లగా కాదు, వార్డంతా తిరిగి చూసేలా ఏడుస్తోంది. "ఏడవకే తల్లీ, కుట్లు ఊడతాయి" అని లోవమ్మ బతిమాలుతోంది.

"నా వేలు పట్టుకుందత్తా" అంది హైమ. "వదల్లేదు. నర్సు వచ్చి విడిపించాల్సొచ్చింది."

ఆ మాట నేను విన్నాక సంచి మూతి బిగించి కట్టారు.