పండుగ పూట పడిపోయిన సర్వరు

"బాత్రూములో ఏం చేస్తున్నావమ్మాయ్? చుట్టాల ముందు చేపల పళ్ళేలు ఖాళీ అయ్యాయి" అని అత్తగారు దెసాంక తలుపు కొట్టినప్పుడు, రద్మిల వాషింగ్ మెషీన్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నిలబడి ఉంది. సెయింట్ నికోలా పండుగ, వీళ్ళింటి స్లావా, అంటే సెర్బియాలో ఒక్కో ఇంటివాళ్ళు తమను కాపాడే సెయింటు పేర ఏటా చేసుకునే పండుగ. "వస్తున్నా అత్తయ్యా" అంది గానీ కదల్లేదు.

ఆమె ఆఫీసు నడిపే బస్సు టిక్కెట్ల సైటు పడిపోయింది. డ్యూటీలో తోటి ఉద్యోగి వుక్ ఉన్నాడు, అయినా సెలవు పెట్టిన ఆమెకే ఫోను వచ్చింది. "వుక్ ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా డేటాబేస్ కనెక్షన్ రావట్లేదు. నువ్వొకసారి చూడు, నీకెంత, చిటికెలో పని" అన్నాడు మేనేజరు స్లోబొదాన్. చిటికెలో పనట! ఇంట్లోనూ అదే మాట, ఆఫీసులోనూ అదే మాట. తెల్లారకముందు లేచి చేపలు వేయించిన వేళ్ళు ఇంకా నూనె వాసన కొడుతున్నాయి. చూస్తే వెబ్ సర్వరు బాగానే ఉంది, పాస్‌వర్డూ సరిగ్గానే ఉంది. డేటాబేసే లేచిన వెంటనే కూలిపోతోంది. వుక్ మహానుభావుడు బ్యాకప్‌లన్నీ తెచ్చి డేటాబేసున్న డిస్కులోనే పోశాడు. డిస్కు నిండిపోయి, రాసుకోవడానికి దానికి చోటు లేదు. అక్కడ పెట్టొద్దని వేసవిలోనే చెప్పింది. "రద్మిలకి అన్నీ భయాలే" అని నవ్వారు. బ్యాకప్‌లను వేరే డిస్కుకి మార్చి మళ్ళీ నడిపించింది. టిక్కెట్లు కదిలాయి. ఎంత సంతోషమేసిందో! చెప్పుకుందామంటే మనిషి లేడు.

ఆఫీసు గ్రూపులో స్లోబొదాన్ సందేశం వచ్చింది: "సైటు లేచింది. శభాష్ వుక్." అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. హాల్లో భర్త నెబోయ్ష ఎవరితోనో అంటున్నాడు, "మా ఆవిడా? అద్దం ముందు ఉంటుందిలే." నవ్వులు వినబడ్డాయి. ఇల్లంతా జనం, ఆఫీసంతా జనం, తను ఎక్కడుందో ఒక్కరికీ తెలియదు. ఏడుపు కూడా రాలేదు ఆమెకి.

"సరిచేసింది నేను" అని గ్రూపులో రాసి ఫోను కట్టేసింది. స్లావాకి ఎవరినీ పిలవరు, వచ్చినవాళ్ళని కాదనరు. వాళ్ళు తిని లేచేదాకా ఇంటి యజమాని కూర్చోకూడదంటారు. ఇన్నేళ్ళూ నిలబడింది మాత్రం రద్మిలే. ఏప్రన్ విప్పి, కోటు తొడుక్కుని, పెరటి తలుపులోంచి బయటికి వెళ్ళి, చుట్టూ తిరిగొచ్చి వీధి గుమ్మం బెల్లు నొక్కింది.

తలుపు తీసిన నెబోయ్ష తెల్లబోయాడు. "ఇదేంటే, నువ్వెప్పుడు బయటికెళ్ళావు?"

"పండుగ శుభాకాంక్షలు, ఇంటాయనా" అంటూ కోటు విప్పి అతని చేతిలో పెట్టింది. చుట్టాలంతా చూస్తున్నారు. నేరుగా వెళ్ళి వాళ్ళ మధ్య ఖాళీ కుర్చీలో కూర్చుంది.

"కాఫీ ఇవ్వు నెబోయ్షా" అంది నెమ్మదిగా. "నేను చక్కెర వేసుకోను. నీకు తెలియదుగా, అందుకని చెబుతున్నా."