ఘైథ్ మూడు ల్యాండింగులు

పదహారేళ్ళుగా విమానం నడపడం నేర్పుతున్నాను. ఎగరడం ఎవరికైనా వస్తుంది, దింపడం దగ్గరే అందరి బండారం బయటపడుతుంది. నేను నేర్పినవాళ్ళలో ఒక్కడూ విమానం ముక్కు పగలగొట్టలేదని అమ్మాన్ నగరంలోని మా స్కూల్లో కాలరెగరేసుకుని తిరిగేవాణ్ణి. అబూ ఫవ్వాజ్ నా గదిలోకి వచ్చేదాకా.

అబూ ఫవ్వాజ్ నా విద్యార్థి ఘైథ్‌కు పెదనాన్న. ఘైథ్ ఇరవయ్యేళ్ళ బుద్ధిమంతుడు. నేల దగ్గరపడేసరికి మాత్రం చేతులు బిగిసిపోయి, ముక్కు ఎత్తాల్సిన సమయానికి ఎత్తడు. ఒంటరిగా పంపడానికి ఇంకో నెలైనా పడుతుందని వాడితో చెప్పాను. మర్నాడే పెదనాన్న ఏడుగురు పెద్దమనుషులను వెంటబెట్టుకుని దిగాడు. కాఫీ పోయించాను. ఆయన కప్పు అందుకుని, తాగకుండా బల్లమీద పెట్టాడు. మిగతా ఏడుగురూ అలాగే పెట్టారు.

మా వైపు పిల్లనడగడానికీ, హత్య కేసులో రాజీకీ అలా తాగకుండా పెట్టే కప్పులవి. సరేనంటే తాగుతారు. కాదంటే అలాగే వదిలేసి లేచిపోతారు, ఆ అప్రతిష్ఠ మన మనవల దాకా పాకుతుంది. విమానం కోసం పెట్టగా చూడటం అదే మొదలు.

"గురువారం మావాడు ఒక్కడే ఎగరాలి కాప్టెన్" అన్నాడాయన. "వాళ్ళ మేనత్త కువైట్ నుంచి వస్తోంది. శుక్రవారం వెళ్ళిపోతుంది."

"ఎగురుతాడు అబూ ఫవ్వాజ్ గారూ. దిగొద్దూ మరి?"

"దిగక అక్కడే కాపురం పెడతాడా ఏంటి?"

ఏడుగురూ గంభీరంగా తలలూపారు. వాడు దిగుతాడన్న విషయంలో నాకూ అనుమానం లేదు. ఎలా దిగుతాడన్నదే నా బాధ. ఆ మాట గట్టిగా అనాల్సింది. నా కళ్ళు కప్పులమీదే ఉన్నాయి, కాఫీ చల్లారిపోతోంది.

"తాగండి" అన్నాను. సిగ్గులేకుండా అన్నాను.

గురువారం కంచె పొడుగునా చుట్టాలే. పళ్ళెం నిండా కునాఫా మిఠాయి తెచ్చారు. మొదటిసారి ఒంటరిగా వెళ్ళినవాడు మూడుసార్లు ఎగిరి మూడుసార్లు దిగాలని మేనత్తకు ఎవరో చెప్పినట్టున్నారు, లెక్కపెట్టడానికి వేళ్ళు ముందే సిద్ధం చేసుకుంది. నేను రేడియో పట్టుకుని రన్‌వే పక్కన నిలబడ్డాను. ఘైథ్ చక్కగా లేచాడు, చక్కగా ఓ చుట్టు తిరిగాడు, వేగంగా కిందికొచ్చాడు. ముక్కు ఎత్తలేదు.

చక్రాలు నేలకు కొట్టుకుని విమానం మనిషెత్తు ఎగిరింది.

"ఒకటి!" అని మేనత్త కేక. ఆడవాళ్ళంతా నాలుకలాడిస్తూ కూతలేసి శుభం పలికారు.

"ఇంజన్ పెంచు! మళ్ళీ పైకి పో!" అని రేడియోలో అరిచాను. వాడు కంగారుపడి ముక్కు కిందికి నొక్కాడు. ఇంకో దెబ్బ, ఇంకో గెంతు.

"రెండు!"

"నొక్కకురా నాయనా!"

"మూడు!" అందావిడ. ముందు చక్రం విరిగింది. ప్రొపెల్లర్ తారును చీల్చుకుంటూ పోయింది. విమానం ముక్కుమీద జారుతూ వెళ్ళి ఆగింది.

"ఒక్క ఊపులో మూడూ కొట్టేశాడు, మాషా అల్లాహ్!" అని ఆవిడ మురిసిపోవడం పరుగెడుతూనే విన్నాను. విమానం చేరేలోగా మనసులో వాణ్ణి పాతిపెట్టేశాను కూడా. తలుపు తెరుచుకుంది. నుదుటిమీద బొప్పితో ఘైథ్ దిగాడు. వాణ్ణి పట్టుకుని అందరిముందూ ఏడ్చాను.

విచారణలో అబూ ఫవ్వాజ్ తనంతట తానే వచ్చి గాలిదే తప్పని సాక్ష్యం చెప్పాడు. ఆ రోజు ఆకు కదల్లేదు. బయటికొచ్చాక నా భుజం తట్టాడు. "మాటమీద నిలబడ్డావు కాప్టెన్. మగాడివి."

సాయంత్రం ఘైథ్‌ను షెడ్డులో విరిగిన విమానం దగ్గర పట్టుకున్నాను. ఇక దాచలేకపోయాను.

"నువ్వింకా సిద్ధంగా లేవని నాకు తెలుసురా. మీ పెదనాన్నకు కాదని చెప్పలేక పంపాను."

వాడు బొప్పి తడుముకున్నాడు.

"నాకూ తెలుసు కాప్టెన్. మీరు అంతమందిలో మాటిచ్చేశారు కదా. నేను ఎక్కనంటే మీ పరువు పోతుందని ఎక్కాను."