రంగు కింద అతుకు

నేను ఒక క్రేనుని. రెండుసార్లు పుట్టాను. మొదటిసారి కర్మాగారంలో, నిప్పుల మధ్య. రెండోసారి భానోజీ షెడ్డులో, రంగు డబ్బాల మధ్య.

ఆ రెండు పుట్టుకల నడుమ ఒక చావు ఉంది. ఒక వంతెన పనిలో దూలాన్ని ఎత్తుతుండగా నా చెయ్యి మధ్యకు విరిగింది. క్రేనుకు ఉండే ఆ పొడవాటి చేతిని బూమ్ అంటారు. అది విరిగిన క్రేను ఇక బరువులెత్తడానికి పనికిరాదని నన్ను తుక్కు కింద అమ్మేశారు. పాత యంత్రాల వ్యాపారి భానోజీ నన్ను కొని, విరిగినచోట వెల్డింగ్ పెట్టించాడు. అతుకును నున్నగా అరగదీయించి, మీద లప్పం పూయించి, పసుపు రంగు కొట్టించాడు. ఏ ఏట పుట్టానో, ఎంత బరువెత్తగలనో చెప్పే రేకును పీకేసి కొత్తది బిగించాడు. దాని ప్రకారం నేను పడుచుదాన్ని. మనుషులు ఒకరి వయసు ఒకరు నమ్మరు గానీ, రేకు మీద అచ్చు కొట్టి ఉంటే నమ్మేస్తారు.

గరికిన దానయ్య కూడా నమ్మాడు.

దానయ్య భీమిలి అవతల సముద్రపు ఒడ్డున పడవలు బాగుచేసే మనిషి. దెబ్బతిన్న పడవను ఒడ్డుకు చేర్చాలంటే ఊళ్లో మగవాళ్లంతా తాళ్లు పట్టి లాగాల్సిందే. లాగి లాగి నడుములు పోయినవాళ్లు ఆ పేటలో ఇంటికొకరు. ఆ కష్టం తప్పించాలని దానయ్య తన సొంత పడవనూ, భార్య నగలనూ అమ్మి నా దగ్గరికి వచ్చాడు. వెంట బావమరిది పోలయ్య ఉన్నాడు.

"ఎక్కడా దెబ్బ తిన్నాది కాదు గదా, బాబూ?" అని అడిగాడు దానయ్య.

"నా బిడ్డలాంటి బండి. ఇంతవరకూ గీత పడలేదు," అన్నాడు భానోజీ.

గీత పడలేదన్నది నిజమే. రంగు ఆరి అప్పటికి వారం కూడా కాలేదు.

ఒడ్డున నాకు కొబ్బరికాయ కొట్టారు, పసుపు రాశారు. చిన్న పడవలను చంటిపిల్లల్ని ఎత్తినట్టు ఎత్తాను. దానయ్య నన్ను నడిపేవాడు. పోలయ్య కింద నిలబడి చేయి ఊపుతూ దారి చూపేవాడు. పెద్దవాళ్లు ఇసుకలో కూర్చుని చుట్ట కాలుస్తూ, తాము లాగనవసరం లేని పడవను చూసి నవ్వుకునేవారు. నా బతుకులో మంచి రోజులంటే అవే.

తర్వాత ఒక పెద్ద పడవ వచ్చింది. రేకు మీద రాసిన బరువులో అది సగం కూడా లేదు. దానయ్య నెమ్మదిగానే ఎత్తాడు. పోలయ్య అడుగున దుంగలు సర్దడానికి వంగాడు. నా చెయ్యి పాతచోటే విరిగింది.

పోలయ్య బతికాడు. కుడికాలు మాత్రం తుంటి నుంచి నుజ్జయిపోయింది. పట్నంలో పెద్ద ఆసుపత్రిలో ఇంకో ఆపరేషన్ చేయిస్తే నడవగలడన్నారు. అమ్మడానికి దానయ్య దగ్గర నేను తప్ప ఏమీ మిగల్లేదు.

విరిగినచోట పాత అతుకు చూసిన దానయ్య వెళ్లి భానోజీ చొక్కా పట్టుకున్నాడు. భానోజీ మెల్లగా విడిపించుకున్నాడు.

"చూసుకునే కదా కొన్నావు? సరే, అయిందేదో అయింది. ఊరికే అతికించి రంగు వేయిస్తాను. బేరం కూడా నేనే తెస్తాను. నువ్వు నోరు మెదపకుండా ఉండు చాలు. నీ డబ్బు నీకొచ్చేస్తుంది."

దానయ్య ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు. మంచం మీది పోలయ్య గోడ వైపు తిరిగాడు.

"ఆ బండి అమ్మీ బావా," అన్నాడు. "పాపమో పుణ్యమో నాకు తెల్దు. నాకు నడవాలనుంది."

అలా నాకు మళ్లీ అతుకు పడింది, మళ్లీ రంగు పడింది. టెక్కలి వైపు నుంచి ఒక యువకుడు వచ్చాడు. లారీలకు రాళ్లు ఎత్తే పనట. నా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. భానోజీ మాటలన్నీ విన్నాక, దానయ్య దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నువ్వు వాడిన బండి కదా. దీని కింద మా తమ్ముడు నిలబడి పని చేస్తాడు. నిలబడొచ్చా?"

గుడిసె నీడలో మంచం మీద పోలయ్య ఇటే చూస్తున్నాడు. దానయ్య అతని వైపు ఒక్కసారి చూసి, తల దించుకున్నాడు. పడవ చెక్కలు చెక్కే ఉలి తీసుకుని నా మీదకెక్కి, అతుకు ఉన్నచోట రంగును గీకడం మొదలుపెట్టాడు. లప్పం పెళ్లలు ఇసుకలో రాలాయి. కింద నల్లటి అతుకు బయటపడింది.

యువకుడు దాన్ని చూశాడు. కిందికి దిగిన దానయ్య చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, వదిలేసి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. భానోజీ తిట్టిన తిట్లు సముద్రం మీదికి పోయాయి. ఆనాటి నుంచి పోలయ్య బావతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు, అంతే.

తుక్కు లారీ వచ్చిన రోజున పోలయ్య కర్ర ఊతంతో ఈడ్చుకుంటూ నా దగ్గరికొచ్చాడు. మనుషులు నాకు గొలుసులు కడుతున్నారు. దానయ్య పక్కనే నిలబడి ఉన్నాడు.

"బావా, ఆడి పేరేటి?"

ఎన్నాళ్లకో వినిపించిన ఆ గొంతుకి దానయ్య ఉలిక్కిపడ్డాడు. "ఎవుడి పేరురా?"

"టెక్కలోడిది."

"అడగనేదురా."

పోలయ్య కర్ర మీద ఒరిగి, బిగుస్తున్న గొలుసుల వైపు చూశాడు.

"నా కాలు అట్టుకెల్లినోడు. పేరైనా అడగాల బావా," అన్నాడు.

దానయ్య ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. లారీ కదిలింది. ఇప్పుడు నేను తుక్కు కొట్లో ఉన్నాను. రేపు గ్యాసుమంటతో నన్ను ముక్కలు కోస్తారు. ఎక్కడ కోయాలో గుర్తుగా ఎవరో సుద్దముక్కతో నా ఒళ్లంతా గీతలు గీసి వెళ్లారు.