ఖాళీగా తెరుచుకున్న జాబితా

నస్రీన్‌కు భయం పొద్దున పదింటికే పట్టుకుంది. అప్పటికి తప్పేదీ బయటపడలేదు గానీ, ఎదురుగా బల్ల మీద మేడిపల్లి గంగవ్వ కూర్చుని ఉంది మరి.

గల్ఫ్‌కు పోయి చిక్కుల్లో పడ్డవాళ్ల ఇళ్లకు కాగితాలు చేర్చే సంఘం అది. ఆఫీసు జగిత్యాలలో, శాఖలు కోరుట్లలో, సిరిసిల్లలో. ఒక్కో ఇంటికి ఒక్కో మెయిల్ చిరునామా. దానికి వచ్చిన కాగితం ఏ శాఖకు పోవాలో చెప్పే జాబితా ఒకటి సర్వర్‌లో ఉంటుంది. ఆ సర్వర్‌ను చూసుకునేది నస్రీన్.

గంగవ్వ భర్త ఏసయ్య, కంపెనీవాళ్లు మోపిన దొంగతనం కేసులో ఏడాదిగా అక్కడి జైల్లో మగ్గుతున్నాడు. షుగరు, పైగా కాలికి మానని పుండు. ఇవాళ అతని అప్పీలు. అక్కడి వకీలు పొద్దున ఒక కాగితం మెయిల్ చేస్తానన్నాడు. దాని మీద గంగవ్వ వేలిముద్ర వేసి రెండింటికల్లా తిప్పి పంపితే విడుదల మాట ఎత్తుతాడు. లేదంటే వాయిదా. అక్కడ వాయిదా అంటే అయిదారు నెలలు. అన్నాళ్లు ఆ కాలు ఆగుతుందా?

ఇలాంటి రోజుకు ముందే, నిన్న సాయంత్రమే, పాత డిస్క్ మొరాయించింది. నస్రీన్ కొత్త సిస్టమ్ ఎక్కించింది. చేత్తో టైపు కొట్టి పెట్టుకున్న అసలు జాబితా పోయింది, మనుషులకు అర్థం కాని, సర్వర్ చదువుకునే ఫైలు మాత్రం మిగిలింది. దాన్ని చదివిపెట్టడానికి లైబ్రరీ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి కావాలి. పేరు అడిగితే దాని పక్కన రాసి ఉన్నది చెప్పడమే ఆ లైబ్రరీ పని. పాత లైబ్రరీ కొత్త సిస్టమ్‌లో లేదు. దొరికినవి రెండు. ఒకదానికి జాబితా అంతా మొదటినుంచి కొట్టివ్వాలి. రెండోది పాత ఫైలును ఉన్నదున్నట్టు చదువుతానంది.

సంఘం అధ్యక్షుడు బాలకిషన్ సిరిసిల్లలో ఉన్నాడు. మెయిల్ గంటసేపు ఆగినా ఊరుకోనని పోయిన నెల అందరి ముందూ నస్రీన్‌ను దులిపేశాడు. ఇప్పుడు ఫోన్ చేసి, జాబితా కొట్టేదాకా మెయిల్ ఆపనా అని అడగడానికి పిల్లకు గుండె చాలలేదు. రెండోదే పెట్టేసింది. ఫైలు తెరుచుకుంది, ఒక్క తప్పూ చూపించలేదు. హమ్మయ్య అనుకుంది, పాపం. ఒక్క మెయిల్ పంపి చూసుకుని ఉంటే ఎంత బాగుండేది! ఎక్కడ తప్పు బయటపడుతుందోనని ఆ పనే చేయలేదు.

పన్నెండు దాటాక కోరుట్ల శాఖలో పనిచేసే సంధ్యారాణి ఫోన్ చేసింది. పొద్దటినుంచి పంపినవన్నీ తిరిగొస్తున్నాయట, ఇక్కడ అలాంటివాళ్లు ఎవరూ లేరని జవాబు రాసి మరీ.

సర్వర్ ఇచ్చిన జవాబులన్నీ వరసగా రాసి ఉండే లాగ్‌ను నస్రీన్ తెరిచింది. కింద నాలుగు వరుసలే చూసి, పైకి పోకుండా ఆగింది. లేరు, లేరు, లేరు. ఆ లైబ్రరీ ఫైలును తెరవలేకపోయి ఉన్నా నస్రీన్ బతికిపోయేది. తర్వాత రండి అని చెప్పేది సర్వర్. ఇది తెరిచింది గానీ లోపల దానికేమీ కనిపించలేదు. అందుకే వచ్చినవాళ్లందరికీ ఎవరూ లేరు పొమ్మంది.

ఆపేస్తే బాలకిషన్‌కు తెలిసిపోతుంది. ఆపకపోతే వకీలు కాగితాన్నీ తరిమేస్తుంది. ఆగిన సర్వర్ దగ్గరికి వచ్చిన మెయిల్ పోదు, మళ్లీ మళ్లీ వచ్చి తలుపు తడుతుంది. నస్రీన్ కళ్లు మూసుకుని ఆపేసింది.

ఇక మొదటి లైబ్రరీయే గతి. జాబితా ఎక్కడిది? ఏడాదిగా ఆ బల్ల మీద కూర్చున్న గంగవ్వ దగ్గర ఉంది. చదువు రాదు గానీ ఏ ఊరి ఏ ఇంటి కాగితం ఎక్కడికి వస్తుందో అంతా నోటికే చెబుతుంది.

"పెగడపల్లి సల్మాది గీడికే అస్తది. చందుర్తి ఎల్లన్న కోడలుది సిరిసిల్లకు పోతది," అంది గంగవ్వ. "రాసుకో బిడ్డా. ఇయ్యన్ని ఇప్పుడెందుకు?"

ఊరికే సరిచూసుకోవడానికని అబద్ధమాడింది నస్రీన్.

ఒకటింబావుకు సర్వర్ మళ్లీ లేచింది. ఈసారి పంపి చూసుకుంది, అందింది. ఆగినవన్నీ ఒకటొకటిగా వచ్చి పడ్డాయి. వకీలుది రాలేదు. అప్పుడు, అంతసేపూ చూడడానికి భయపడిన పని చేసింది. లాగ్‌ను పైకి జరిపింది.

పది యాభై రెండు. వకీలు పేరు, మేడిపల్లి గంగవ్వ చిరునామా, పక్కన అదే జవాబు.

వెంటనే వకీలుకు రాసింది. పది నిమిషాల్లో బదులొచ్చింది. ఆ చిరునామాలో మనిషి లేదని మీరే చెప్పారు, ఇక రెండింటిదాకా ఆగకుండా కోర్టుకు అదే చెప్పాం, అయిదు నెలల వాయిదా పడింది అని.

దాచొచ్చు. ఇంకా రాలేదని సాయంత్రం దాకా కూర్చోబెట్టొచ్చు. బాలకిషన్ భయం ఎటు పోయిందో తెలియదు. ఇప్పుడు ఆ ముసలి కళ్లను చూడాలంటేనే నస్రీన్‌కు ప్రాణం పోతోంది. లేచి వెళ్లి బల్ల పక్కన నేల మీద కూర్చుంది.

"చిన్నమ్మా, కాయితం పొద్దుగాలనే అచ్చింది. నా తప్పుకు ఎనుకకు పోయింది. ఇగ అయిదు నెలలదాక కేసు పిలువరట."

గంగవ్వ వేలిముద్ర కోసమని కడుక్కున్న బొటనవేలిని కొంగుతో తుడుచుకుంది.

"ఏమని చెప్పి పంపిచ్చినవ్?"

"మేడిపల్లి గంగవ్వ అనేటోళ్లు ఎవరూ లేరని."

"లేరనా?" అంది గంగవ్వ. "నేను పొద్దటిసంది గీడనే కూసున్న గద బిడ్డా."